తాడు కట్టిన పెట్టె

సంచి సర్దుకునేటప్పుడు కృష్ణవేణమ్మ ఎదురుగా ఎవరినీ కూర్చోనివ్వదు. మాటల్లో పడితే ఏదో ఒకటి మరిచిపోతానని ఆమె భయం. పోలీసు శాఖలో హెడ్ కానిస్టేబులుగా రిటైరై, కడపలో తప్పిపోయినవాళ్ళను వెతికిపెట్టే పని పెట్టుకున్న తర్వాత ఆ భయం ఇంకా ముదిరింది. ఎందరినో బస్సెక్కించింది, ఎందరి కోసమో బస్టాండులో పడిగాపులు కాసింది. పోయినవాళ్ళంతా తిరిగి రారని ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

ఆ బుధవారం పొద్దున మాత్రం తనూజ ఎదురుగానే కూర్చుంది. పొమ్మనడానికి నోరు రాలేదు. ఆ పిల్ల కడపలో ఒక బండల ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తుంది. తల్లి సుందరలక్ష్మి పద్య నాటకాల నటి. వీరభద్రయ్య కంపెనీలో ఇరవై ఏళ్ళుగా రాణి వేషం ఆమెదే. కంపెనీ ఇప్పుడు కర్నూల్లో ఆడుతోంది. అక్కడ సుందరలక్ష్మి కనిపించడం లేదు.

తనూజ ఒక కవరులోంచి రెండు నూలు చీరలు తీసి, కట్టుబట్టలతో ఎక్కడుందో, దొరగ్గానే ఇవ్వమని చెప్పింది. కృష్ణవేణమ్మ వాటిని తన బట్టల అడుగున పెట్టి, పైన తువ్వాలు పరిచింది.

పిల్ల చెప్పిన కథ చిన్నదే. తండ్రి లేడు. తల్లి ఊళ్ళు తిరుగుతుంటే తాను హాస్టళ్ళలో పెరిగింది. ప్రతి సాయంత్రం ముఖానికి రంగు వేసుకోబోయే ముందు తల్లి ఫోన్ చేస్తుంది. తిన్నావా అని అడుగుతుంది, ఒక పద్యం పాడుతుంది, పెట్టేస్తుంది. ఏడాదికి పది రోజులు కూడా కలిసి ఉండని ఆ ఇద్దరికీ ఆ ఫోనే ఇల్లు. ఉగాదికి వారం ముందు తల్లి ఫోను నీళ్ళలో పడిందట. అప్పటినుంచి వీరభద్రయ్య ఫోను నుంచి వచ్చేది. మొన్న శనివారంతో అదీ ఆగిపోయింది. ఆయన ఫోను ఎత్తడం లేదు. ఆదివారం తనూజ పోలీసులకు ఫిర్యాదు ఇచ్చింది.

కృష్ణవేణమ్మ సంచి జిప్పు సగంలో ఆపింది.

"పాపా, అమ్మ గొంతు విన్నది శనివారం. సరే. అమ్మతో మాట్లాడింది ఎప్పుడు?"

తనూజ వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంది.

"ఈ మధ్య మాట్లాడనే లేదు పెద్దమ్మా. పాడేది, పెట్టేసేది. తిన్నావా అని గూడా అడగలే. సిగ్నల్ సరింగా లేదేమో అనుకుంటి. పద్యం ఎనకాల పావురాళ్ళు గుమ్ము గుమ్ముమంటాండె."

"ఒక్క దినమా?"

"అన్ని దినాలూ."

కృష్ణవేణమ్మ జిప్పు మూసింది. ధైర్యం చెప్పాలని ఉన్నా చెప్పలేదు. ఆ పిల్ల తలమీద చెయ్యి పెట్టి, వీధిలోకి వచ్చాక వెనక్కి తిరిగి చూడకుండా నడిచింది.

*

కంపెనీ దిగింది కర్నూలు శివార్లలోని ఒక బడిలో. వేసవి సెలవులు కాబట్టి గదులన్నీ ఖాళీ. ఆమె వెళ్ళేసరికి ఎండ ఇంకా దిగలేదు. వరండాలో ఎస్సై ప్రదీప్‌కుమార్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు కడపలో ఆమె ఉన్న స్టేషనులోనే పనిచేశాడు. చురుకైనవాడు. కాకపోతే, ఒక నిర్ణయానికి వచ్చాక దాని చుట్టూ గోడ కట్టేసుకుంటాడు.

"ఏమక్కా, గవర్నమెంటు వదిలిపెట్టినా నువ్వు వదలవా?" అన్నాడు.

"నువ్వు పట్టుకుంటే నాకు పనేముంటాది సారూ?"

అతను నవ్వి పక్క కుర్చీ లాగాడు. శనివారం సాయంత్రం నుంచి బస్టాండులో, రైల్వే స్టేషనులో కెమెరాలన్నీ చూశానని, సుందరలక్ష్మి ఎక్కడా లేదని చెప్పాడు. ఆమెకూ వీరభద్రయ్యకూ పెద్ద గొడవ జరిగిందని కంపెనీలో ఇద్దరు ఒప్పుకున్నారు. ఆఖరి ఫోను వెళ్ళింది వీరభద్రయ్య చేతిలోంచి. అడిగితే శనివారం బయటికి పోయింది, రాలేదు అనడం తప్ప ఆయన ఇంకో మాట అనడు. సాయంత్రం స్టేషనుకు తీసుకుపోతే నిజం అదే బయటికొస్తుందని ఎస్సై లెక్క.

"చంపినాడంటావా?"

"ఇరవై ఏండ్లు మొగుడు పెండ్లాల వేషాలు కట్టినోళ్ళక్కా. బయట ఏముండాదో మనకేం తెలుసు."

ముందు మనుషులుండే గది చూస్తానని ఆమె లేచింది. అతను కూడా వెంట వచ్చాడు.

తరగతి గదిలో గోడవారగా రేకు పెట్టెలు వరసగా ఉన్నాయి. ఒక్కొక్క వేషగాడికి ఒక్కొక్క పెట్టె. మూతలు పైకెత్తి, వాటికి అద్దాలు ఆనించి ఉన్నాయి. రంగు డబ్బాలు, కొబ్బరినూనె సీసాలు, సవరాలు, పూసల హారాలు. ఇంకా మూడు ఆటలు ఇక్కడే ఉన్నాయి కాబట్టి ఎవరూ సర్దుకునే తొందరలో లేరు. ఆ వరసలో ఒక్క పెట్టె మాత్రం మూసి ఉంది. దానికి కొబ్బరి తాడు అడ్డంగా, నిలువుగా బిగించి కట్టి ఉంది. మనుషులు ఆ చిన్న గదిలో ఇటూ అటూ తిరుగుతూ కూడా దానికి చీర కొంగు తగలకుండా ఒద్దికగా తప్పుకుంటున్నారు.

అది సుందరలక్ష్మి పెట్టె అని ఎస్సై చెప్పాడు. పొద్దున విప్పమంటే ఒక్కరూ ముందుకు రాలేదట. ఇప్పుడు కానిస్టేబులును పిలిచి తాడు కొయ్యమన్నాడు. గదిలో ఉన్న ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఒక్కసారే గోడకు జరిగారు. బట్టలు చూసుకునే సోమక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఆగు సారూ," అంది కృష్ణవేణమ్మ. "కోసినాక మళ్ళీ కట్టలేం. ఒక్క గడియ నాకియ్యి."

"అక్కా, ఇది నాటకం కాదు. కేసు."

"కేసనే అడుగుతాండా."

అతను విసుగ్గా వాచీ చూసుకుని కానిస్టేబులుకు ఆగమని సైగ చేశాడు. ఆమె సోమక్కను వరండాలోకి తీసుకెళ్ళి, పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మదిగా అడిగింది. ఆ తాడు ఎవరు కట్టారో సోమక్క చెప్పలేదు. కానీ తాడు సంగతి చెప్పింది. ఊరు మారేరోజు ఎవరి పెట్టె వాళ్ళే కట్టుకోవాలి. ఇంకొకరి తాడు ముట్టుకోకూడదు. మనిషి ఇక వేషం కట్టదు అని తేలినప్పుడు మాత్రం కంపెనీ పెద్ద తన చేత్తో ఆ పెట్టె కడతాడు. ఆట సీజను అయిందాకా అది కంపెనీతోనే తిరుగుతుంది, తర్వాత ఇంటికి పోతుంది. కట్టినవాణ్ణి ఎందుకని అడగరు. అడిగితే ఆ మాట నిజమవుతుందని వాళ్ళ భయం.

అట్లాంటి భయం కృష్ణవేణమ్మకు కొత్తేమీ కాదు. సోమక్క చెయ్యి ఒకసారి నొక్కి లేచింది.

మళ్ళీ లోపలికి వచ్చి పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. మూత మీద తాళ్ళ మధ్యన పసుపు, దాని మీద కుంకుమ బొట్లు వరసగా ఉన్నాయి. మిగతా పెట్టెల మీదా ఉన్నాయి. ఆట సీజను మొదలయ్యేటప్పుడు పాతవి తుడిచేసి, కొత్త ఊళ్ళో దిగినప్పుడల్లా మొదటి వేషానికి ముందు ఎవరి పెట్టెకు వాళ్ళు ఒక బొట్టు పెడతారని సోమక్క చెప్పింది. మిగతా పెట్టెల మీద ఏడేడు బొట్లు. ఈ పెట్టె మీద నాలుగే.

"సోమక్కా, నాలుగో ఊరు ఏది?"

"జమ్మలమడుగు."

"ఆడ యాడ దిగినారు?"

"పాత పత్తి గోడౌన్లో. రేకుల కొట్టం. నెత్తిన పావురాలు. బట్టల మీదంతా రెట్టలే."

కృష్ణవేణమ్మ తలెత్తి చూసింది. పైన కాంక్రీటు కప్పు. ఫ్యాను తప్ప ఇంకే చప్పుడూ లేదు. ఎస్సై కూడా తలెత్తి చూశాడు, ఎందుకో అతనికి తెలియకపోయినా.

"సారూ, రాణి వేషం ఇప్పుడెవరు కడతాండారు?"

"రమ్యశ్రీ అని ఒక పాప."

"ఎప్పట్నుంచి కడతాందని అడిగినావా?"

అతను అడగలేదు. ఆ సంగతి అతని ముఖమే చెప్పింది. కృష్ణవేణమ్మ దాన్ని పొడిగించలేదు. శనివారం కెమెరాల్లో ఆమె కనిపించదని, జమ్మలమడుగు దాటిన తర్వాత ఆమె కంపెనీతో లేనే లేదని మాత్రం చెప్పింది. ఉగాదికి ముందు పోయిన మనిషి శనివారం దాకా ఫోన్లో పాడింది. ఎట్లా పాడిందో చెప్పగలిగినవాడు ఒక్కడే ఉన్నాడు.

*

వీరభద్రయ్య పక్క గదిలో ఒక్కడే కూర్చుని రంగు వేసుకుంటున్నాడు. అరవై దాటినా వీపు నిటారుగా ఉంది. ముఖం ఒక పక్క రాజు, ఒక పక్క ముసలాయన. వాళ్ళిద్దరినీ అద్దంలోనే చూసి తలాడించాడు. ఎస్సై తలుపు దగ్గర నిలబడ్డాడు. కృష్ణవేణమ్మ నేల మీద కూర్చుంది.

ఆమె అడిగినవాటికి ఆయన అదే జవాబు చెప్పాడు. శనివారం పోయింది. యాడికి పోయిందో తెలీదు. గొడవ పడింది నిజమే. దేని మీదో గుర్తు లేదు.

"శనివారం కాదన్నా," అంది ఆమె. "జమ్మలమడుగులో పోయింది. ఆ పెట్టె కట్టింది నువ్వు. చంపినోడైతే పెట్టె తెరిచి అద్దం పెట్టి, ఇప్పుడో ఇంకాసేపటికో వస్తాదన్నట్టు ఉంచుతాడు. నీకు ఆ పాడు తెలివి లేదు. ఆమె వేషానికి చెయ్యాల్సిన మర్యాద చేసినావు. పోలీసులు గదిలోకి వచ్చినా ఆ తాడు విప్పలేకపోయినావు."

రంగు అద్దిన వేలు చెంప మీదే ఆగిపోయింది.

"పాపకు పావురాలు వినపడినాయన్నా. కర్నూల్లో గూడా."

ఆయన పక్కన పెట్టిన ఫోను తీసి, ఆమె చేతికిచ్చాడు. ఒకదాని కింద ఒకటి, ఇరవై రికార్డులు. ఆమె ఒకటి నొక్కింది. రేకుల కింద పావురాలు గుమ్ముమన్నాయి. ఆ చప్పుడు మీదుగా ఒక ఆడగొంతు పద్యం ఎత్తుకుంది. కొంచెం బొంగురు. రాగం సాగదీసేచోట ఊపిరి అందక ఒక క్షణం ఆగి, మళ్ళీ అందుకుంది. తలుపు దగ్గరున్న ఎస్సై టోపీ తీసి చేత పట్టుకున్నాడు.

గొంతులో గడ్డ అని వీరభద్రయ్య చెప్పాడు. ఆపరేషను చేస్తే ప్రాణం ఉంటుంది, మాట పోతుంది అన్నారు డాక్టర్లు. సుందరలక్ష్మి ప్రాణం గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదట. కూతురికి సాయంత్రం ఫోను ఎట్లా అన్నదే ఆమె దిగులు. గోడౌనులో రెండు రోజులు కూర్చుని, దగ్గుతూ, నీళ్ళు తాగుతూ, పాడగలిగినన్ని పాడింది. ఇరవై పద్యాలు వచ్చాయి. ఇరవై ఒకటో దానికి గొంతు లేవలేదు. పాపకు చెబుదామని ఆయన, గాయం మానిన తర్వాత నేనే పోయి కనబడతానని ఆమె. గొడవ అదే.

"పెట్టె ఆమే కట్టమన్నాది. నేను కట్టను పో అంటి. కట్టేదాకా బస్సెక్కలే."

ఇరవై అయిపోయాక మొదటినుంచి మళ్ళీ వినిపించి ఉండొచ్చు కదా అని ఎస్సై అడిగాడు. అతని గొంతులో గద్దింపు లేదు.

"పెట్టబోతి సార్. మొదటి పద్యంలో గొంతు బాగుండాది. ఆఖరి దాన్లో పొయినాది. మళ్ళీ మొదటిది పెడితే బాగైపొయిందని పాప అనుకుంటాది. అంత అబద్ధం ఆడలేకపోతి."

ఇప్పుడామె ఎక్కడుందో చెప్పమంటే తల దించుకుని చెప్పాడు. ఒంటిమిట్టలో, కోదండరాముడి గుడి దగ్గర పూలమ్మే లక్ష్మీదేవమ్మ ఇంట్లో. ఆపరేషనైన తర్వాత ఇంకెక్కడికీ పోనన్నదట. అక్కడినుంచి కడప అరగంట దూరం. కూతురికి కనబడకుండా, కూతురికి ఎంత దగ్గరగా ఉండొచ్చో అంత దగ్గరగా వచ్చి కూర్చుంది.

తర్వాత ఆయన లేచి పెద్ద గదిలోకి వెళ్ళి, అందరూ చూస్తుండగా పెట్టె తాడు విప్పాడు. లోపల రాణి చీరలు, సవరం, గుడ్డలో చుట్టిన అద్దం. మనిషి బతికే ఉండాదని తెలియాలని విప్పానని కంపెనీవాళ్ళకు చెప్పాడు. సోమక్క గోడకు ఆనుకుని ఏడ్చింది.

*

వరండాలో ఎస్సై జీపు తాళం చేతిలో తిప్పుతున్నాడు.

"ఇప్పుడే పోదాం. ఆమెకు ఫోన్ చెయ్యొద్దు. నెల దినాలు దాక్కున్న మనిషక్కా. వస్తాండామని తెలిస్తే ఉండదు."

వీరభద్రయ్య మాత్రం చేతులు జోడించాడు. ఊరికి మాటిచ్చిన ఆట ఉంది. అదయ్యాక పొద్దున్నే తానూ వస్తాడు. ముందు ఆమెకు ఒక మాట చెప్పనివ్వాలి. మెడలో గొట్టంతో, కట్టుతో ఉన్న మనిషి ముందు కూతురు ఉన్నట్టుండి నిలబడితే తట్టుకోలేదు.

ఇద్దరూ కృష్ణవేణమ్మ వైపు చూశారు. కేసు ఆమెది. ఎస్సై చెప్పినదాంట్లో నిజం ఉందని ఆమెకు తోచింది. కానీ ఆ ఫోన్లో ఊపిరి అందక ఆగిన చోటు ఆమె చెవిలో ఇంకా ఉంది.

"చెప్పకుండా పొయ్యి పట్టుకునేది దొంగల్ని సారూ. తల్లిని గాదు. ఫోన్ చెయ్యన్నా."

ఎస్సై తాళం జేబులో వేసుకున్నాడు.

వీరభద్రయ్య లక్ష్మీదేవమ్మ ఫోనుకు చేసి స్పీకరు పెట్టాడు. సుందరలక్ష్మికి మాట పోయింది కాబట్టి గాజుతో ఫోను మీద తడుతుంది. ఒకసారి తడితే అవును, రెండుసార్లు తడితే కాదు. అంతా పాపకు తెలిసిపోతుందని, రేపు పాపను తీసుకుని వస్తున్నామని, కోప్పడొద్దని ఆయన చెప్పాడు. అవతల చాలాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత గాజు ఒక్కసారి మోగింది. రంగు వేసిన సగం ముఖంతో ఆయన చిన్నపిల్లవాడిలా నవ్వాడు.

తనూజకు కృష్ణవేణమ్మ ఫోనులో ఒక్క మాటే చెప్పింది. అమ్మ ఉండాది, రేపు నేనొచ్చి తీసకపోతా. మిగతాది ముఖం చూస్తూ చెప్పాల్సిన సంగతి.

మర్నాడు ఎస్సై జీపే బయలుదేరింది. సెలవు పెట్టి తానే నడిపాడు. కడపలో తనూజను ఎక్కించుకున్నాక, కృష్ణవేణమ్మ ఆమె రెండు చేతులూ తన ఒళ్ళో పెట్టుకుని అంతా చెప్పింది. ఆ పిల్ల ఏడవలేదు. కిటికీలోంచి చూస్తూ చాలా దూరం వచ్చాక అంది:

"ఇన్నేండ్లు మాయమ్మ పాడితే నేను విన్యా. ఇంకమీద నేను మాట్లాడతా, ఆయమ్మ వింటాది. అంతే గదా పెద్దమ్మా."

ముందు సీట్లో వీరభద్రయ్య కండువా కళ్ళకు అద్దుకున్నాడు. ఎస్సై అద్దం సరిచేసుకున్నట్టు చేశాడు.

లక్ష్మీదేవమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. చేతిలో పూల దండ సగం కట్టి ఉంది. జీపు దిగినవాళ్ళ వెనక ఇంకెవరైనా ఉన్నారేమో అన్నట్టు చూసింది. ఆ చూపు చూడగానే కృష్ణవేణమ్మకు అంతా తెలిసిపోయింది.

రాత్రి ఇద్దరూ కలిసే తిన్నారట. సుందరలక్ష్మి తల దువ్వించుకుంది కూడా. తెల్లవారి లక్ష్మీదేవమ్మ పూలకు లేచేసరికి చాప చుట్టి గోడకు నిలబెట్టి ఉంది. గుడికి పోయిందేమో అనుకుని వెతికింది. గుడిలో లేదు, రోడ్డు మీద లేదు. గొంతులో గొట్టం శుభ్రం చేసుకునే సామానంతా కిటికీలోనే ఉంది. రోజూ శుభ్రం చెయ్యకపోతే ఊపిరి ఆడదని డాక్టర్లు మరీ మరీ చెప్పి పంపారు.

ఎస్సై ఒక్క మాట కూడా అనకుండా బస్సులు ఆగే చోటికి పరిగెత్తాడు. నేను చెప్పలేదా అని అతను అనుంటే కృష్ణవేణమ్మకు కొంత తేలికగా ఉండేది. వీరభద్రయ్య గడప మీద కూలబడి, ఒకసారే తట్టింది గదమ్మా, మీరూ విన్నారు గదా అని అందరినీ అడుగుతున్నాడు. తనూజ లోపలికి వెళ్ళి, ఖాళీగా ఉన్న ఆ మూల చూసి, "అమ్మా, నేనొచ్చినా," అని పిలిచింది. పలకలేని మనిషి ఎక్కడో వింటూ ఉంటుందన్నట్టు మళ్ళీ పిలిచింది.

సుందరలక్ష్మి తిరిగి రాలేదు. ఆమె ఒంటిమిట్టలో ఆ ఇల్లు విడిచి వెళ్ళింది 2024 ఏప్రిల్ 25, గురువారం, తెల్లవారుజామున.